రెండెడ్ల తేన్పులు

పెట్రోలు, గ్యాసు బళ్లు పోయి పాతికేళ్లయింది. గజపతినగరం దగ్గర గెద్ద సన్నయ్య మాత్రం భార్య పైడమ్మను మోకాళ్ల వైద్యానికి ఎడ్లబండిలోనే తీసుకెళ్తున్నాడు. డ్రైవరు లేని కారంటే ఆవిడకు భయం.

మీథేన్ లెక్కల అధికారి హిమజ దారిలో బండి ఆపింది.

“తాతా, రవాణా మీథేన్‌లో అన్ని దేశాలూ ఏటేటా తగ్గి సున్నాకొచ్చేశాయి. మనకే నీ ఎడ్ల తేన్పుల్లో వచ్చే మీథేన్ మిగిలింది.”

“సంపేత్తారేటమ్మా ఈటిని?” సన్నయ్య బండి దిగి ఎడ్లకు అడ్డం నిలబడ్డాడు.

“అయ్యో, లేదు. కాడి విప్పితే అవి వ్యవసాయం కిందికొస్తాయి. ఆ లెక్క మా శాఖది కాదు.”

సన్నయ్య ఎడ్లను విప్పి బండి వెనక కట్టాడు. తానే కాడి ఎత్తుకున్నాడు. బండి కదల్లేదు. హిమజ చెప్పులు విడిచి రెండో పక్క పట్టుకుంది.

కిలోమీటరు లాగారు.

“ఎడ్లయితే ఈపాటికి సేరిపోదుం” అంది పైడమ్మ, బండిలోంచి.