గాలికి అడ్డం

నలభై ఎనిమిదో ఏట హైమవతి మళ్ళీ సైకిల్ పోటీకి దిగేసరికి పోటీల తీరే మారిపోయింది. ఎవరి ఊరి రోడ్డు మీద వాళ్ళు తొక్కాలి. మిగతావాళ్ళు కళ్ళద్దాల్లో బొమ్మలై కనిపిస్తారు. భీమిలి రోడ్డులో ఆమె ముందు యాభైమంది ఉన్నారు. సముద్రపు ఎదురుగాలి మాత్రం నేరుగా ఆమె గుండెలకే కొడుతోంది. బొమ్మలు గాలిని ఆపవు కదా! వేగం సగానికి పడిపోయింది.

ఆమె మునుపు పోటీల్లో తొక్కిన రోజుల్లో అందరూ ఒకరి వెనక ఒకరు వెళుతూ, వంతులవారీగా ముందుండి గాలికి అడ్డం నిలిచేవాళ్ళు. పాత అలవాటుకొద్దీ మోచెయ్యి విదిలించి, వెనకవాళ్ళని రమ్మని పక్కకు జరిగింది. ఎవరొస్తారు?

"జరిగిపోకమ్మా! నీ ఎనకాలుంటే గాలి తగల్నేదు," అన్నారెవరో.

ఉలిక్కిపడి అద్దాలు తీసి జేబులో వేసుకుంది. సైకిలు మీద బుట్టల మోపు కట్టుకున్న ముసలాయన రొప్పుతూ తొక్కుతున్నాడు.

ఆమె మళ్ళీ ముందుకొచ్చి, ఆయనకు అందేలా నెమ్మదిగా తొక్కింది. ఆఖరి స్థానానికి పడిపోయారని జేబులోంచి అద్దాలు గొణుగుతూనే ఉన్నాయి.

వంతెన దాటాక ముసలాయన పక్కకొచ్చాడు. "అలిసిపోనావు. నువ్వెనక్కి రా, కాసేపు నేను ముందుంతాను."

బుట్టల మోపు చాటున గాలి ఆగిపోయింది. ఎన్నాళ్ళకో!