పైడమ్మ కేక

ఏ చప్పుడు వద్దనుకుంటే దాన్ని చెవికందని శ్రుతిలోకి మార్చేసే, చెవిలో పెట్టే చిప్పులు విశాఖలో ఇంటింటికీ వచ్చాక, చేపలమ్మే పైడమ్మ కేక ఎవరికీ వినబడటం మానేసింది. గొంతు సన్నం చేసి చూసింది, బొంగురు చేసి చూసింది. మర్నాటికల్లా చిప్పులు దాన్నీ పసిగట్టేసేవి.

“మెల్లగా మాటాడితే ఇనబడతాది మామ్మా, అరిస్తేనే ఇనబడదు,” అంది మనవరాలు నూకాలు, తన చెవి చూపిస్తూ.

“నీకూ ఎట్టేసారేటే?”

“బళ్లో అందరికీ ఎట్టేరు!” అని నూకాలు నవ్వుతూ ముందుకు పరిగెత్తింది.

సందు మలుపులోంచి చెత్త లారీ హారన్ మోగిస్తూ పిల్ల వైపే వెనక్కి వస్తోంది. పైడమ్మ గంప వదిలేసి, ఒకప్పుడు వీధి వీధంతా నిద్రలేపిన గొంతుతో “నూకాలూ!” అని కేకేసింది.

హారన్‌కీ, కేకకీ కూడా పిల్ల తిరగలేదు. మెల్లగా చెబితే వినబడేటంత దగ్గర్లోనూ లేదు.

పైడమ్మ మళ్లీ అరిచింది. ఆమెకి చేతనైంది అదొక్కటే.