ఇంటి భాష

“ఆ ఫోను ఆఫ్ చేసేయండత్తా. మధ్యలో మోగిందంటే అంతా పాడైపోతాది,” అన్నాడు ప్రభాకరన్.

చిన్నత్తాయి ఫోను ఆఫ్ చేసి బియ్యం డబ్బా మీద పెట్టింది. యూట్యూబ్ చానెల్ వాళ్ళు కోవిల్‌పట్టిలో తన ఇల్లు వెతుక్కుంటూ రావడం ఒక వింత. వచ్చినవాడు గడపలోనే నిలబడి “బాగుండారా అత్తా?” అని తెలుగులో పలకరించడం అంతకన్నా వింత. వీధిలోకి అడుగుపెడితే తమిళమే మాట్లాడే ఊరు అది. తెలుగు నాలుగు గోడల మధ్య మాట. ఆ మాట మాట్లాడేవాడు పరాయివాడు ఎలా అవుతాడు? ఎవరు, ఎందుకొచ్చారు అని ఆరా తీయకుండానే చాప పరిచేసింది.

“మాది విరుదునగర్. చానెల్ మాత్రం హైదరాబాదు వాళ్ళది. మీ కార్తీశ్వరిని గురించి అక్కడ అందరూ అడుగుతా ఉండారు.”

“మా పాపను గురించా?” చిన్నత్తాయి ముఖం చేటంత అయింది. అంతలోనే నిన్నటి సంగతి గుర్తొచ్చి చిన్నబోయింది.

కార్తీశ్వరి వెంబకోట్టైలో పటాసుల కంపెనీకి పోతుంది. మధ్యాహ్నం అన్నం వేళ, మందుపొడి అంటుకుని వెండిలా మెరిసే చేతులు తిప్పుకుంటూ, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మేస్త్రీని వెక్కిరిస్తూ రీల్స్ పెడుతుంది. ఆంధ్రావాళ్ళు ఆ మాటకు పడీ పడీ నవ్వారు, ముద్దొస్తోందన్నారు. సొంత వీధి మాత్రం ముక్కున వేలేసుకుంది. ఇంటి మాటను బజార్లో పెట్టిందని చిన్నత్తాయి అన్న ముత్తురామన్ వచ్చి గొంతు చించుకుని పోయాడు. అన్న మీది కోపం కూతురి చెంప మీద తీరింది. పొద్దున పిల్ల సద్ది డబ్బా కూడా ముట్టకుండా వ్యాను ఎక్కింది. సాయంత్రం ఇంటికి రాననీ, కయత్తారులో పెద్దమ్మ దగ్గరే ఉండిపోతాననీ చెప్పి మరీ పోయింది. అప్పటి నుంచి చిన్నత్తాయికి గుక్కెడు నీళ్ళు కూడా దిగలేదు.

“అంత పేరొచ్చిందా సామీ దానికి?”

“లచ్చల మంది చూస్తా ఉండారత్తా. ఈ పొద్దు ఇంకా ఎక్కువ.”

కెమెరా పట్టుకున్న సరవణకుమార్ తలుపు మూసి గడియ పెట్టాడు. వీధి గోల లోపలికి రాకూడదట.

“పాప ఫొటో ఏదైనా ఉందా? చేతిలో పట్టుకోండి. చేతులు ఊరికే ఉంటే బాగుండదు.”

గోడ మీది ఫొటో దింపి కొంగుతో తుడిచింది చిన్నత్తాయి. రెండు జడలు, ఊడిన ముందు పళ్ళు. “నిన్న దీన్ని కొట్టేసినాను సామీ,” అంది ఉన్నట్టుండి.

ప్రభాకరన్ కళ్ళు మెరిశాయి. చాప మీద ఇంకాస్త ముందుకు జరిగాడు.

“ఆ మాటే కెమెరాను చూసి చెప్పండి.”

“నలుగురూ వినేదానికా?”

“నలుగుర్ని మరిచిపోండి. పాప ఒకతే వింటాదని అనుకోండి. మన ఇంటి బాసలోనే చెప్పండి.”

కూతురు వింటుందనేసరికి చిన్నత్తాయికి సిగ్గు పోయింది.

“కార్తీ, అమ్మకు కోపం లేదే. నీ ఇష్టమొచ్చినట్టు మాట్లాడుకో. మామకు నేను జవాబు చెప్పుకుంటా. పెద్దమ్మ ఇంటికి పోవద్దు. రాత్రికి ఎండుచేపల పులుసు చేస్తా. ఇంటికి వచ్చేయ్ తల్లీ.”

“కడమాట ఇంకోసారి చెప్పండత్తా. కొంచెం నిదానంగా.”

“ఇంటికి వచ్చేయ్ తల్లీ.”

“ఇంకోసారి. కళ్ళు తుడుచుకోవద్దు.”

ఆమె మళ్ళీ చెప్పింది. అప్పుడే తలుపు దబదబా మోగింది. “అక్కా! తలుపు తెరువక్కా!” అంటూ పక్కింటి గాంధిమతి అరుస్తోంది.

“షూటింగ్ జరుగుతోంది. తర్వాత రండి,” అని తమిళంలో కసిరాడు సరవణకుమార్, తలుపుకు వీపు ఆనించి.

“నిన్నటిదాకా నా బిడ్డను చూసి పకపకా నవ్వింది ఇదే,” అంది చిన్నత్తాయి. “ఇప్పుడు తన మొగం గూడా పడాలని వచ్చినట్టుండాది. ఉండనీ అక్కడే!”

బయట గొంతులు పెరిగాయి. వీధి వీధంతా తన గుమ్మంలోకి వచ్చిందని అర్థమై ఆమెకు లోలోపల పండగలా ఉంది. కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

“ఇది ఎప్పుడొస్తాది సామీ? కార్తీ చూడాల.”

“ఇప్పుడే వస్తా ఉండాది. లైవ్ అత్తా, ఇదో చూడండి.”

అతను తన ఫోను ఆమె ముందు పెట్టాడు. తెర నిండా తన ముఖమే. కింది నుంచి మొక్కే చేతులు, కన్నీళ్ళు కారే బొమ్మలు గుంపులు గుంపులుగా పైకి పోతున్నాయి.

“వీళ్ళేల ఏడుస్తా ఉండారు?”

“మీ మాట విని కరిగిపోయినారత్తా.”

ఆంధ్రావాళ్ళు ఎంత మెత్తని మనసువాళ్ళో అనుకుంది చిన్నత్తాయి. తన బిడ్డ మాటను మెచ్చుకున్నవాళ్ళు, తన కంటనీరు చూసి ఏడ్చేవాళ్ళు. ఆ తెరకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. తెరలో తన ముఖానికి పైన ఒక ఎర్ర పట్టీ, దాని మీద తెలుగు అక్షరాలు. ఆమె బడిలో నేర్చింది తమిళం. తెలుగు నోటి వరకే. వాళ్ళ వంశంలో దాన్ని చదివినవాళ్ళు లేరు.

“పైన ఏమి రాసినారు సామీ?”

ప్రభాకరన్ సరవణకుమార్ వైపు చూశాడు.

“మీ పాప పేరు అత్తా.”

కూతురి పేరు తెలుగులో ఎలా ఉంటుందో చిన్నత్తాయి చూడటం అదే మొదలు. అక్షరాల మీద మెల్లగా వేలు పోనిచ్చి, ఆ వేలిని కళ్ళకద్దుకుంది.

‘పేలుడులో కార్తీశ్వరి మృతి: తల్లికి ఇంకా తెలియదు!’