ఒట్టి పేరు

పళ్లెంలో రక్తం అద్దిన గుడ్డలు తొమ్మిదే ఉన్నాయి.

ఆపరేషన్‌కి తీసుకున్నవి పది.

నర్సు మళ్లీ లెక్కపెట్టింది. బల్ల కింద చూసింది. తన చెప్పుల పక్కన కూడా చూసింది. తొమ్మిదే.

బల్లమీద ఎనిమిదేళ్ల పాప. పొట్ట ఇంకా తెరిచే ఉంది. పెద్ద డాక్టరు కుట్లు వేయడానికి సూది అందుకున్నాడు.

"సార్, గుడ్డ ఒకటి తక్కువొచ్చింది సార్."

"సరిగ్గా లెక్కపెట్టు."

"రెండుసార్లు పెట్టాను సార్."

"నేను చూశాను. లోపల ఏం లేదు."

మొదటి కుట్టు పడింది.

ఆ గదిలో సార్ అనే మాటకు విలువ ఎప్పుడో పోయింది. కత్తి అందిస్తే సార్, చెమట తుడిస్తే సార్. రోజుకు రెండు వందల సార్లు వింటే ఎవరికి మాత్రం చెవికెక్కుతుంది? ఆయనకది ఏసీ చప్పుడుతో సమానం.

ఆమె మత్తు డాక్టరు వైపు చూసింది. ఆయన మానిటర్ వైపు చూశాడు. అందులో అంతగా చూడాల్సిందేమీ లేదు.

"సార్, ఒక్కసారి ఆగండి సార్."

"బయట ఇంకో పేషెంటు ఉన్నాడు సిస్టర్. నోరు మూసుకుని దారం కత్తిరించు."

రెండో కుట్టు. మూడోది.

ఆమెకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది, లేదని ఎందుకనాలి? పదిహేడేళ్ల ఉద్యోగం. ఇల్లు గడిచేది దానిమీదే.

పెద్ద డాక్టరు పేరు ఆసుపత్రి గుమ్మం మీద మూరెడు అక్షరాలతో ఉంటుంది. పదిహేడేళ్లుగా దాని కిందినుంచే లోపలికి వస్తోంది. ఆ పేరు నోటితో పలికింది మాత్రం లేదు. ఆమే కాదు, అక్కడ ఎవరూ పలకలేదు.

నాలుగో కుట్టుకు సూది దిగబోయింది.

ఆమె ఆయన్ని పేరుపెట్టి పిలిచింది.

డాక్టర్ లేదు, గారు లేదు. ఒట్టి పేరు. సందు చివర ఆడుకుంటున్న పిల్లాణ్ణి కేకేసినట్టు.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మత్తు డాక్టరు మానిటర్‌ని వదిలేశాడు.

"ఏమన్నావ్?"

"పాప కడుపులో గుడ్డ ఉంది. కుట్లు విప్పండి."

ఈసారి సార్ అనలేదు.

మాస్కు పైనుంచి ఆయన ఆమెనే చూశాడు. ఆమె చూపు దించలేదు. చివరికి ఏమనుకున్నాడో, కత్తెర అడిగాడు.

గుడ్డ పేగుల వెనక దొరికింది. నిమ్మకాయంత ముద్ద. ఆయన దాన్ని తీసి పళ్లెంలో వేశాడు.

"పది" అంది ఆమె.

ఆయన మళ్లీ సూది అందుకున్నాడు.

రెండో ఆపరేషన్ కూడా ముగించుకుని ఆమె వరండాలోకి వచ్చేసరికి ఆఫీసు గుమాస్తా మెమోతో కాచుకుని ఉన్నాడు. పెద్ద డాక్టరు రెండు ఆపరేషన్ల మధ్యలో ఫోన్ చేసి రాయించాడట. సీనియర్ వైద్యుణ్ణి అగౌరవంగా సంబోధించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి. గుడ్డ సంగతి అందులో ఎక్కడా లేదు.

"ఆయనతో ఎందుకు పెట్టుకున్నావు సిస్టర్?" అన్నాడు గుమాస్తా, జాలిగానే.

ఆమె నిలబడే చదువుకుంది. పక్కన గోడకు చేరగిలబడ్డ పాప తల్లి, తలుపు తెరుచుకోగానే చటుక్కున లేచింది.

"నువ్వు కాస్త పక్కకి జరుగమ్మా. డాక్టరు గారు వస్తున్నారు."

నర్సు జరిగింది.

తల్లి రెండు చేతులూ జోడించింది. "నా బిడ్డని బతికించారు బాబూ. మీ రుణం తీర్చుకోలేను."

డాక్టరు నర్సును చూశాడు. ఆమె చేతిలో కాగితాన్నీ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ మాట ఆవిడకి చెప్పమ్మా" అని, ఆగకుండా వెళ్లిపోయాడు.

తల్లి ఏమీ అర్థంకాక నర్సు వైపు తిరిగింది.

"అందినట్టు ఇక్కడ సంతకం చెయ్యి సిస్టర్" అన్నాడు గుమాస్తా.

ఆమె రోజూ చేసే పొట్టి సంతకం చెయ్యలేదు. తన పేరు మొత్తం రాసింది.