మాస్టారు అడిగిన ఒక్క మాట

"మొహమాటం లేకుండా చెప్పమ్మా. పనిచేస్తుందా, చేయదా?" మాస్టారు మళ్ళీ అడిగాడు.

ఇంజనీరమ్మ టీ కప్పు బల్ల మీద పెట్టింది. ఒకప్పుడు కాలేజీలో తనకు పాఠాలు చెప్పిన మనిషి, ఇప్పుడు ప్రధానికి సలహాదారు. పొరుగు దేశాలు రెండూ కొట్టుకు చస్తున్నాయి. మధ్యలోకి మనం దూకాలా, గట్టున కూర్చోవాలా అన్నది రేపోమాపో తేలిపోతుంది. ఇలాంటప్పుడు ఆయన పనిగట్టుకుని ఆమె ప్రయోగశాలకు వచ్చి, ఆమె తయారుచేసిన డ్రోన్ గురించి ఆరా తీస్తున్నాడు.

నిజానికి ఆ డ్రోన్ బంగారం. గురి పెడితే తప్పింది లేదు. కానీ దాన్ని మోసుకెళ్ళే సైనిక బండి నడిపేది ఆమె తమ్ముడు. యుద్ధమంటూ వస్తే మొదట కదిలేది ఆ బండే. అమ్మ పోయాక తన చేతులతో అన్నం కలిపి పెట్టి పెంచిన పిల్లవాడిని చూస్తూ చూస్తూ ఎలా పంపుతుంది?

"ఎక్కడ మాస్టారూ!" అంది పెదవి విరిచి. "వానొస్తే దారి తప్పుతుంది. దుమ్ము లేస్తే దానికి ఏమీ కనపడదు. మా పరీక్షల సంగతి మీకు తెలియనిదేముంది? శత్రువు వేషం వేసేదీ మావాళ్ళే. సిగ్నల్ ఎప్పుడు చెడగొడతారో ముందే చెప్పి మరీ చెడగొడతారు. ఆనక అందరం ఒకే కాంటీన్లో కూర్చుని తింటాం. అదీ ఒక గెలుపేనా?"

"కొంటామని వచ్చిన దేశాలవాళ్ళకీ ఇదే అనుమానం. ఉత్తుత్తి పరీక్షలు చూసి కొనం అంటున్నారు. అంటే, సిద్ధంగా లేదంటావు?"

"ముమ్మాటికీ లేదు."

ఆయన మొహం తేటపడింది. "పెద్ద చిక్కు విప్పావు తల్లీ. ఇన్నాళ్ళూ మంత్రులు ఎటూ తేల్చుకోలేక నా ప్రాణం తీశారు."

మాస్టారికి ఆమె అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. మనసు చివుక్కుమంది. అయినా ఆయన అలా మెట్లు దిగాడో లేదో, ఇలా తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఏరా, సెలవు పెట్టుకుని ఇంటికి రా."

"యుద్ధం ముంచుకొస్తుంటే సెలవెవడిస్తాడే అక్కా?"

"యుద్ధం లేదు, గిద్ధం లేదు. నా మాట నమ్ము."

"అబ్బో! ప్రధానిగారు నిన్నడిగే చేస్తారేంటి?" వాడు పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది.

మర్నాడు ప్రయోగశాలలో అందరూ టీవీ ముందు గుమిగూడారు. మిత్రదేశాన్ని ఆదుకోవడానికి మన సైన్యం సరిహద్దు దాటిందట. తమ్ముడి ఫోన్ మోగడం లేదు. ఇంజనీరమ్మ చెప్పులు ఎలా తొడుక్కుందో, ఆటో ఎలా ఎక్కిందో, పడుతూ లేస్తూ మాస్టారి ఆఫీసులో వచ్చి పడింది.

"మా తమ్ముడు ఆ బండిలో ఉన్నాడు మాస్టారూ! అది పనికి రాదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా!"

"చెప్పావు. నీ మాట మీదే నిర్ణయం జరిగింది."

"మరి సిద్ధంగా లేనిదాన్ని పట్టుకుని యుద్ధానికెలా వెళ్ళారు?"

మాస్టారు తల దించుకున్నాడు.

"సిద్ధం చేసుకోవడానికే వెళ్ళాం తల్లీ."