చల్లబడని డబ్బా

"తొంభై ఆరు డిగ్రీలు!" కావ్యశ్రీ అరిచింది. "ఒరేయ్ జయదేవ్, నూరు దాటితే మళ్ళీ ఆగిపోతుందిరా!"

చెప్పుల పెట్టెకంటే కాస్త పెద్దదైన కంప్యూటర్ డబ్బా బల్లమీద ఈల వేస్తున్నట్టు మోగుతోంది. కింది గదిలో ఉండే జయదేవ్ నిన్ననే దాన్ని బిగించి ఇచ్చాడు. ఆఖరి ప్రాజెక్టుగా తను తయారుచేసిన గేమ్ మొత్తాన్నీ ఆమె ఒక్క ఫైలుగా కట్టాలి. అందుకు డబ్బా నలభై నిమిషాలు ఏకధాటిగా నడవాలి. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటికే. ఇప్పటికి రెండుసార్లు ఆగింది. నాలుగింటికల్లా ఫైలు కాలేజీకి చేరాలి. ఇప్పుడు మూడైంది. చేతిలో ఉన్నది అరవై నిమిషాలు, కావలసింది నలభై. పోగొట్టుకోవడానికి మిగిలింది ఇరవై.

జయదేవ్ కిటికీ తెరిచి డబ్బాను దాని పక్కకి జరిపాడు. కెనడాలోని సార్నియా ఊరి జనవరి గాలి గదిలోకి దూసుకొచ్చింది. బయట మైనస్ పద్దెనిమిది. డబ్బాలో తొంభై ఎనిమిది.

"నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, దీనికేమిట్రా ఈ జ్వరం?"

"చిన్న డబ్బా కదక్కా, గాలాడదు."

"మూడు ఫ్యాన్లు పెట్టా, మంచులా ఉంటుందన్నావుగా!"

అతను కుర్చీలో కూలబడ్డాడు. కొని ఏడాదైనా ఒలవని ప్లాస్టిక్ కవరు చరచరమంది. ఆ చప్పుడుకే ఆమె ఉలిక్కిపడింది.

"ముందా కవరు చింపి పారెయ్!"

"నీకిచ్చిన కుర్చీ నాదేనక్కా. కవరుంటేనే రేపు అమ్మితే నాలుగు డాలర్లొస్తాయి."

టప్పున తెర నల్లబడింది.

కావ్యశ్రీ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఈ సబ్జెక్టు పోతే ఇంకో టర్మ్ చదవాలి. స్టడీ పర్మిట్ ఉన్నది నెలాఖరు వరకే. ఎటు నుంచి కూడినా లెక్క తిరుగు విమానం దగ్గరే తేలుతోంది.

"పది నిమిషాలివ్వక్కా, విప్పి చూస్తా."

"పదకొండోది అడగకు."

స్క్రూలు విప్పి, ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్‌ను పైకెత్తి తిరగేశాడు. అతని మొహం పాలిపోయింది.

"ఏమైంది? కాలిపోయిందా?"

అతను వీపు తిప్పుకుని గోటితో ఏదో గీకాడు. చెయ్యి జేబులోకి వెళ్ళొచ్చింది. వేడిని కూలర్‌కి అందించే పాత పేస్టు తుడిచి, కొత్తది రాసి, మళ్ళీ బిగించాడు.

"ఏం తీశావురా?"

"తర్వాత చెప్తా. ఆన్ చెయ్యి."

మూడుంపావు. ఆమె కళ్ళు అంకెను వదల్లేదు. యాభై. అరవై. అరవై మూడు. ఇక ఎగబాకుతుందనుకుంది. ఎగబాకలేదు. అయినా నమ్మబుద్ధి కాక, పళ్ళు టకటకలాడుతున్నా కిటికీ మూయనివ్వలేదు. మూడూ యాభై ఐదుకి ఫైలు తయారైంది. యాభై తొమ్మిదికి కాలేజీకి చేరింది.

"ఇప్పుడు జేబులోది తియ్యి."

జయదేవ్ రెండు వేళ్ళతో తీశాడు. కూలర్ అడుగున, ప్రాసెసర్‌కి తగలాల్సిన రాగిపలక మీద కంపెనీవాళ్ళు అంటించి పంపే పలచని ప్లాస్టిక్ పొర. వేడిని పైకి పోనివ్వకుండా అడ్డుపడింది అదే. దానిమీద ఎర్రగా 'బిగించే ముందు తీసెయ్యండి' అని ఉంది.

"నిన్న కనబడలేదా?"

"కనబడింది. కవరే కదా, ఉంచితే మంచిదనుకున్నా."

"మరి చెత్తలో పారెయ్యకుండా జేబులో ఎందుకు పెట్టావురా?"

"నువ్వు అమ్మేటప్పుడు మళ్ళీ అంటించిద్దామనక్కా."