సాలీడు పగ

"అద్దం సరిగ్గా పట్టుకో. ఇంకొంచెం పైకి!"

రఘునందన్ అరుపుకి పనిమనిషి ప్రేమకుమారి అద్దాన్ని రెండు చేతులా పట్టుకుంది. అతని ఎడమ చెంప మీద, కంటి కింద నుంచి మెడ దాకా ఎర్రటి చార. చార పొడవునా చీము పొక్కులు. వానలు మొదలయ్యాక ఇది మూడోసారి. ఒకటి మానుతుంటే ఇంకొకటి లేస్తోంది.

"సాలీడు ఉచ్చపోసింది సార్," అంది వంటమనిషి రాజమ్మ గుమ్మంలో నిలబడి. "మా షేక్‌పేటల ఒకాయనకు గిట్లనే అయింది. నెల రోజులు మొఖం బయటవెట్టలే."

"వచ్చే శుక్రవారం పోస్టర్లకి ఫొటోలు తియ్యాలి. కెమెరామన్ ఆ ఒక్కరోజే దొరికాడు. ఈ మొహం వేసుకుని హీరోనంటే ఎవడు నమ్ముతాడు?"

రఘునందన్‌కు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. కంపెనీ పేరు పేపర్లో పడ్డాక మొహం కూడా పడాలనిపించింది. తనే నిర్మాతగా, తనే హీరోగా సినిమా మొదలుపెట్టాడు.

"సాలీడు ఏం చెయ్యదని మీరే అన్నరంట గద సార్," అంది రాజమ్మ. "గా దినం సెట్టుమీద."

"అది వేరు. ఇది వేరు. నువ్వెళ్లి టిఫిన్ చూడు."

రాజమ్మ వెళ్లిపోయింది. ప్రేమకుమారి అద్దం మీదుగా అతని పొక్కుల వంక చూస్తూ నిలబడింది.

ఆ దినం ఆమె మరిచిపోయేది కాదు. రెండు నెలల కిందట, ఫిల్మ్‌నగర్‌లో. సీనులో, చిన్న వేషం దొరికిన ఆమె కూతురు జాయ్స్ ఏడవాలి. నాలుగేళ్ల పిల్ల, లైట్లు చూసి నవ్వుతూనే ఉంది. మూడు టేకులు పోయాయి. రఘునందన్ విసుక్కుని, సెట్టు మూలనున్న పెద్ద సాలీడును అట్టముక్క మీదికి ఎక్కించి, తెచ్చి, ఏం చెయ్యదులే అంటూ పిల్ల మెడ మీద వదిలాడు. జాయ్స్ గుక్కపెట్టి ఏడ్చింది. షాటు ఓకే అయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రోజు నుంచి జాయ్స్ నోట ఒక్క మాట లేదు.

"ఒక్కసారి పాప దగ్గర కూర్చుని సారీ చెప్పండి సార్. భయం పోయి మాట్లాడుతుందేమో," అని అతన్ని బతిమాలింది.

"సాలీడు ఏం చేస్తుందమ్మా? చదువు లేకపోతే ఇవే భయాలు. నీకు పని కావాలంటే చెప్పు, ఇంట్లో పెట్టుకుంటాను."

ఆమె ఏడో తరగతితో బడి మానేసిన మాట నిజమే. పనిలో చేరింది. మోతీనగర్‌లో పక్కింటివాళ్లు మొహమ్మీదే అడిగారు, వాడి ఇంట్లోనా అని. అయినా రోజూ జాయ్స్‌ను వెంటబెట్టుకుని జూబ్లీహిల్స్ వచ్చేది. పిల్ల వంటగదిలో చాప మీద కూర్చునేది, నోరు బిగించుకుని.

టిఫిన్ కాగానే రఘునందన్ చెప్పు పట్టుకుని కుర్చీ ఎక్కాడు. కనిపించిన ప్రతి సాలీడునూ గోడకేసి కొట్టాడు.

"నా మొహం మీదే పోస్తావా? మీ వంశమే లేకుండా చేస్తాను!"

కింద ప్రేమకుమారి బూజుకర్రతో నిలబడి ఉంది. ఇంకా మండాలి, అనుకుంది. తప్పు ప్రభువా, అని లెంపలు వేసుకుంది. మళ్లీ అదే అనుకుంది.

బుధవారానికి పొక్కులు మానాయి. సాయంత్రం పక్కవీధి డాక్టర్ శ్యామలాదేవి వచ్చి చూసింది.

"పాపం, సాలీళ్లనెందుకు చంపుతున్నారు? వాటివల్ల ఇవి రావు. వానాకాలం లైటు వెలుగుకి ఒక పురుగు వస్తుంది. చీమలా సన్నగా, ఎరుపూ నలుపూ. కుట్టదు, కరవదు. ఒంటికి దాని రసం తగిలితే చర్మం కాలుతుంది. మర్నాటికి పొక్కులు లేస్తాయి. నిద్రలో నలిపేసుకుంటున్నట్టున్నారు. పక్క దులిపించుకుని పడుకోండి."

ఆమె వెళ్లాక రఘునందన్ నవ్వాడు.

"చీమంత పురుగట! నన్ను కాల్చిందట! ఏమంటావ్ ప్రేమా?"

"డాక్టరమ్మగారికేం తెలుసండీ. సాలీడే."

"అదీ! ఏడో క్లాసు నీకు తెలిసింది ఆవిడకి తెలియలేదు. సరే, ఒక్కటీ మిగల్లేదుగా. ఎల్లుండి ఫొటోల్లో చూడు నన్ను." అద్దంలో చెంప నిమురుకున్నాడు. "మీ పిల్ల ఇంకా మాట్లాడట్లేదా?"

"లేదు సార్. మీరు ఒక్కసారి వచ్చి..."

"మళ్లీ అదే పాటా? అంతా నాటకం. నటి కదా!" పకపకా నవ్వాడు. "వెళ్లు, డాక్టరమ్మ చెప్పింది కదా, ఆ పక్క దులిపి గలేబు మార్చు."

ప్రేమకుమారి దుప్పటి తీసి గట్టిగా దులిపింది. తలగడకు ఉన్న గలేబు విప్పి, ఉతికిన గలేబు తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. బయట సన్నగా వాన. ట్యూబ్‌లైటు వేసి, దాని కింద గోడ వంక చూస్తూ కాసేపు నిలబడింది.

నాలుగోసారి కూడా, ఆమె ఆ ఎరుపూ నలుపూ పురుగులను గలేబు మీదే నలిపింది.